రుమాలు పరీక్ష

కంప్యూటర్ తెర మీద ఒక్క నొక్కుతో వృత్తం గీసే మీకు నా మాట నమ్మబుద్ధి కాదు గాని, చెప్పకుండా ఉండలేను. వరంగల్‌లో నేను ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పిన రోజుల్లో ఒక్క దొంగ షీటు కూడా నా బల్ల దాటి పోలేదు. షీటు ముందువైపు చూసే పనే లేదు నాకు. వెనక్కి తిప్పి చెప్పేవాణ్ణి, ఇది సొంతంగా గీసిందా, ఇంకొకరిది ఎత్తిందా అని. ఒకసారి ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనుషుల ముందు కళ్ళకు గంతలు కట్టుకొని, నలభై షీట్లలోంచి పదకొండు దొంగవి ఏరి పక్కన పెట్టాను. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తనిఖీకి వచ్చినమాట నిజమే. గంతలు అబద్ధం. చప్పట్లు కూడా. వాళ్ళు మా డ్రాయింగ్ హాలు గుమ్మంలోనే నిలబడి, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో చూసి రాసుకొని, చాయ్ తాగటానికి పోయారు. ఇక ఒక్క దొంగ షీటు కూడా దాటిపోలేదన్న మాట ఎంతవరకు నిజమో చెప్పటానికే ఈ రాత. నాలుగు దినాల నుంచి రాయటానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. కుర్చీకి చీమలు పట్టినట్టే ఉన్నది.

డెబ్బైల చివరి మాట ఇది. అప్పటి మా కాలేజీ నియమం తెలియకపోతే సంగతి అర్థం కాదు. మొదటి ఏడాది డ్రాయింగ్‌లో పద్దెనిమిది షీట్లు గీయాలి. వాటిలో కనీసం పదిహేనింటి మీద ఎర్ర సిరాతో నా సంతకం పడాలి. పడకపోతే పరీక్షకు కూర్చోనియ్యరు. దాన్ని డిటెయిన్ అనేవాళ్ళం. డిటెయిన్ అయినవాడికి మిగతా సబ్జెక్టుల్లో నూటికి నూరు వచ్చినా లెక్కలోకి రాదు. ఏడాది మొత్తం పోయినట్టే. మళ్ళీ కొత్తగా చేరిన పిల్లల పక్కన బల్ల పట్టాలి.

మాస్టార్లకు కూడా ఒక పరీక్ష ఉండేది, ఏ నియమాల పుస్తకంలోనూ లేనిది. ఫలితాలు వచ్చిన పొద్దు స్టాఫ్ రూంలో ఎవరి సబ్జెక్టులో ఎందరు పోయారని ఆరా తీసేవారు. ఎక్కువమంది పోతే ఆ మాస్టారికి గౌరవం. మా లెక్కల సారు ఆ పరీక్షలో ఎప్పుడూ ఫస్టు. కాలు మీద కాలేసుకొని అడిగేవాడు.

"నీ దాంట్ల ఎందరు పోయిండ్రు?"

"ఆరుగురు."

"ఆరేనా? గట్లయితే డ్రాయింగ్ అంటే ఆటల పీరియడే గదా. పిలగాండ్లకు బంతి ఒకటి కొనియ్యి."

అందరూ నవ్వేవారు. నేను కూడా నవ్వేవాణ్ణి, లోపల మండుతూనే. ఆ మంటలోంచి పుట్టిందే రుమాలు పరీక్ష.

హాస్టల్ పిల్లలు జీటీ అనే విద్య నేర్చారు. గ్లాస్ ట్రేసింగ్. రెండు స్టూళ్ళ మీద ఒక అద్దం పెట్టి, కింద బల్బు వెలిగించి, అద్దం మీద ఎవడో బుద్ధిమంతుడు గీసిన షీటు పరిచి, దాని మీద తెల్ల షీటు వేసి, కనిపించిన గీతల్నల్లా దిద్దటమే. వారం పట్టే పని గంటన్నరలో అయిపోతుంది. అయితే కింది షీటు మీది పెన్సిల్ నలుపు పైషీటు వీపుకు అంటుకుంటుంది. అది నేను కనిపెట్టాను. షీట్లిచ్చి పిల్లలు పోయినాక, జేబులోంచి తెల్ల రుమాలు తీసి షీటు వీపు మీద ఒక్క తుడుపు తుడిచేవాణ్ణి. రుమాలు నల్లబడితే ఎర్ర సిరాతో మూల నుంచి మూలకు అడ్డగీత. ఎందుకో చెప్పేవాణ్ణి కాదు. విద్య బయటపడకూడదు కదా. హాస్టల్ పిల్లలు నాకు చాటుగా రుమాలు సారు అని పేరు పెట్టారు. ఆ ఏడు నా అడ్డగీతలు చూసి లెక్కల సారు కూడా కాలు దించి కూర్చున్నాడు.

ఆ క్లాసులోనే డోర్నకల్ నుంచి వచ్చే పిలగాడొకడు ఉండేవాడు. తండ్రి అక్కడి లోకోషెడ్‌లో ఫిట్టరు. రైల్వే వాళ్ళ పిల్లలకిచ్చే పాసు మీద దినాం పొద్దుగాల పాసింజరుకు వచ్చేవాడు, మాపటికి పోయేవాడు. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. మూడో షీటు వారం ఆలస్యంగా తెచ్చాడు. రైలు మిస్సయిందో ఏమో, నేను అడగలేదు. ఆలస్యానికి అడ్డగీత కొట్టి తిరిగి ఇచ్చాను. ఆ తర్వాతి షీటు వీపు తుడిస్తే రుమాలు బొగ్గు. దాని తర్వాతిది ఇంకా నలుపు. హాల్లో నా కళ్ళ ముందు గీసినవి మాత్రం తెల్లగా మల్లెపువ్వులాగా ఉండేవి. ఇంటి దగ్గర గీసినవన్నీ నలుపే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఒక పొద్దు హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, తప్పు యాడున్నదో జర చెప్పుండ్రి. మల్ల గీసుకొస్త."

"నీకు తెల్వదా?"

"తెల్వదు సార్. అన్ని కొలతలు మల్ల చూసిన."

"ఇంటికి పోయి కూసొని ఆలోచించు. ఎర్కయితది."

పోయి ఆలోచించాడు పాపం. అదే షీటు మళ్ళీ గీశాడు. గీత సన్నబడింది, అక్షరం అచ్చు వేసినట్టయింది, బాణం ములుకు సూదిలాగా వచ్చింది. నేను వెనక్కి తిప్పాను. నలుపు. అడ్డగీత. అట్లా ఒక్కొక్క షీటు మూడేసి సార్లు. హాస్టల్ పిల్లలైతే నా రుమాలు సంగతి ఎప్పుడో పసిగట్టి ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్ళు అట్లా చెప్పుకునే వేళకు ఇతడు రైల్లో ఉండేవాడు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. సంతకాలు పడ్డవి తొమ్మిదే. డిటెయిన్ అయ్యేవాళ్ళ పేర్లు రాసుకుంటుంటే మా పెద్దసారు, అంటే డ్రాయింగ్ విభాగానికి పెద్ద, పాన్ నములుతూ నా భుజం మీంచి చూశాడు.

"డోర్నకల్ పిలగాని పేరు గీండ్ల ఎందుకున్నది?"

"జీటీ కొడతాండు సార్."

"ఇంటికాడనా? ఒక్కడేనా?" పాన్ నమలటం ఆపాడు. "జీటీ కొట్టాల్నంటే కింద పెట్టటానికి ఇంకొకని షీటు ఉండాలె గదయ్యా. డోర్నకల్ల వానికి ఎవడిస్తడు?"

"ఎవడో ఇస్తాండు సార్."

"పోయి చూసిరారాదు? రైలెక్కితె డోర్నకల్ ఎంతసేపు?"

తర్వాత చాలా ఏళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు, శిష్యుడి మీద ప్రేమతో వాళ్ళింటికి పోయానని చెప్పేవాణ్ణి. ప్రేమ లేదు, దోమ లేదు. అద్దంతో, బల్బుతో సహా పట్టుకోవాలని పోయాను. పట్టుకొని సోమవారం స్టాఫ్ రూంలో ఏమేం చెప్పాలో కూడా తయారు చేసుకున్నాను.

ఆదివారం పొద్దుగాల కాజీపేటలో పాసింజర్ ఎక్కాను. కూర్చోబుద్ధి కాలేదు. కేసముద్రం దాకా తలుపు దగ్గరికి పోవటం, రావటం. అక్కడ మార్కెట్‌కు ధాన్యం వేసి ఊరికి పోతున్న పెద్దమనిషొకాయన ఎక్కి, నన్ను కాసేపు చూసి అన్నాడు. "కూసో బిడ్డా. నువ్వు నిలబడితె బండి జెల్ది పోతదా?" బండి మొత్తం నవ్వింది. కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

రైల్వే క్వార్టర్ల వరసలో ఇల్లు దొరికింది. బనీను మీద ఉన్న తండ్రి బయటికి వచ్చాడు. ఎంత తోమినా పోని గ్రీజు గోళ్ళలో ఉన్నది.

"ఎవరు కావాలె?"

ఎవరు కావాలో చెప్పాను. కాలేజీ సారునన్నాను. ఇటు పనిమీద వచ్చానని అబద్ధం కూడా ఆడాను.

"అరె! మావోని ఉస్తాదు! రాండ్రి సాబ్, రాండ్రి. బేటా, కుర్సీ తే! ఇగో, చాయ్ పెట్టు!"

వరండాలో పిలగాడు నేల మీద మోకాళ్ళ మీద కూర్చొని గీస్తున్నాడు. నన్ను చూసి పెన్సిల్ పట్టుకునే లేచి నిలబడ్డాడు. అద్దం లేదు. బల్బు లేదు. పట్టపగలు. రెండు ఇనుప ట్రంకుల మీద ఒక తలుపు పడుకోబెట్టి ఉన్నది, దాని మీద షీటు.

"ఈ తలుపు యాడిది?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కనుక.

తండ్రి నవ్వాడు. "తానాల అర్రది సార్. అందరి తానాలు అయినంకనే మావోడు గీతలు షురూ చేస్తడు. మధ్యల ఎవరన్న పోవాల్నంటే దగ్గుకుంట పోవాలె, దగ్గుకుంట రావాలె. ఇంట్ల అందరికి దగ్గు అలవాటైంది."

స్నానాల గది తలుపు, పాత టేకుది. పలకల మధ్య సందులు, మేకుల తలలు. అట్లాంటి దాని మీద వట్టి షీటు పెట్టి గీస్తే పెన్సిల్ ములుకు దిగబడుతుంది. కింద మెత్తగా ఏదైనా పరచాలి. నేను వంగి, అతను గీస్తున్న షీటు మూల ఎత్తాను.

కింద షీట్లు. ఒకదాని మీద ఒకటి, ఇరవైకి తక్కువ ఉండవు. ప్రతి షీటు మీద మూల నుంచి మూలకు నా ఎర్ర అడ్డగీత.

పైసలు పెట్టి కొన్న షీటును పారేస్తారా ఎవరైనా? నేను కొట్టేసినవన్నీ మెత్త కోసం కింద పరుచుకున్నాడు. కింది షీటు నలుపు పైషీటు వీపుకు అంటింది. ఆ నలుపు చూసి దాన్నీ నేను కొట్టేశాను. అది కూడా కిందికే పోయింది. మూడో షీటుకు ఆలస్యమని నేను కొట్టిన ఒక్క గీత, పిల్లల్ని పెడుతూ పోయింది.

నా చేయి ఊరుకోలేదు. అలవాటు. జేబులోంచి రుమాలు తీసి ఆ షీటు వీపు తుడిచాను. నల్లగా వచ్చింది. పిలగాడు రుమాలును చూశాడు, నన్ను చూశాడు.

"గిదేనా సార్?" అన్నాడు. "ఇన్ని దినాలు గిదేనా తప్పు?"

రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. అంతలో తండ్రి చాయ్ తెచ్చి, నా పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. "ఇంక సరిగ్గ మూడేండ్లు ఉన్నది సాబ్ నా కొలువు. గా మూడేండ్లల్ల వీడు బయటవడితె చాలు. నేను రిటైరైతె క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. వీని పాసు బంద్. ఒక్క ఏడు ఎక్కువైనా మాకు కష్టమే. అయినా మీ అసొంటోళ్ళు ఉన్నంక నాకేం ఫికర్?"

చాయ్ వేడిగానే మింగేసి, బండికి టైమైందని లేచాను. బండికి ఇంకా గంటన్నర ఉన్నది. ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్నిసార్లు తిరిగానో, గేటు దగ్గర కూర్చున్న కూలీలకు తెలిసి ఉంటుంది.

సోమవారం సాయంత్రానికి డిటెయిన్ లిస్టు ఆఫీసుకు పోవాలి. అతని పేరు కొట్టేసి, ఆరు సంతకాలు పెడితే అయిపోయే పని. కలం మూత తీశాను, పెట్టాను. అతని పేరు తీస్తే ఎందుకు తీశావంటారు. రుమాలు తప్పంటే, దానితో కొట్టేసిన మిగతావాళ్ళ సంగతేమిటంటారు. లెక్కల సారు కాలు మళ్ళీ పైకి లేస్తుంది. కాగితం పట్టుకొని ఆఫీసు మెట్ల దాకా పోయాను, వెనక్కి వచ్చాను. మళ్ళీ పోయాను.

మూడోసారి మా హాలు అటెండర్ ఎదురైనాడు. పరకాల దిక్కు మనిషి, నాకన్న పదేండ్లు పెద్ద, నేనంటే భయం లేనివాడు.

"ఏమాయె సార్, పెయ్య తప్పిపోయినోని లెక్క తిరుగుతాండ్రు?"

అతనికి చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. మొత్తం విని, మెట్టు మీద కూర్చొని, నన్ను కూడా కూర్చోమన్నాడు.

"మీరు కోప్పడనంటే ఒక మాట చెప్త. ఆస్టల్ పోరగాండ్లు షీటు గీసినంక వీపు బ్రెడ్డు ముక్కతోని తుడుస్తరు. తెల్లగ అయితది. షీట్లు ఇచ్చే వారంల మెస్సుల బ్రెడ్డు దొరకది, మీకు ఎర్కనేనా?"

"మరి అద్దం యాడిది వాళ్ళకు?"

"మన అల్మారిది."

అల్మారా అద్దం పోయిందని నేను ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను. రెండూ ఇతనే తీసుకుపోయి ఇచ్చాడు.

"నీకు తెలిసి చెప్పలేదా?"

"మీరు అడిగిండ్రా? రుమాలు తీసుడు, గీత కొట్టుడు. నడుమ అడిగే టైం ఏది మీకు?"

అంటే, నేను గర్వంగా సంతకం పెట్టినవాటిలో సగం ఎత్తినవి. వీపు నల్లగా ఉందని కొట్టేసినవి నిజంగా గీసినవి. పదకొండేండ్ల నా సర్వీసులో దొంగ షీటు దాటిపోలేదన్నానే, బ్రెడ్డు తిని మరీ దాటిపోయాయి.

ఇంత తెలిసినాక ఆ సాయంత్రం ఏం చేశానో కూడా చెప్పాలి. లిస్టు ఉన్నదున్నట్టు ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఇదివరకు ఎవరికీ చెప్పలేదు ఈ మాట. ఇది రాసి, లేచి, వాకిట్లోకి పోయి వచ్చాను ఇప్పుడే.

గురువారం పరీక్ష. ఇక్కడి నుంచి నన్ను జర మంచిగా చూడవచ్చు మీరు. పొద్దున లేచి నాస్తా కూడా చేయకుండా స్కూటర్ మీద కాలేజీకి దూసుకుపోయాను. స్కూటర్ కాదు, సైకిల్. తొవ్వలో చైను రెండుసార్లు ఊడింది. చేతులకు మరకలతోనే ప్రిన్సిపాల్ గదిలోకి పోయి నిలబడ్డాను.

"సార్, డిటెయిన్ లిస్టుల ఒక పేరు తప్పు పడ్డది."

"ఎవరి తప్పు?"

"నాదే సార్. ఏడాది మొత్తం నాదే."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇరవై ఏండ్ల సర్వీసుల ఈ గదిల ఒక మాస్టరు తప్పు నాది అన్నది ఇదే మొదలు," అని, కాగితం లాగి నాలుగు ముక్కలు రాసిచ్చాడు. నేను పరుగెత్తాను. గేటు దగ్గర, బల్లకు బిగించి గీతలు గీసే డ్రాఫ్టర్ చంకన పెట్టుకొని నిలబడ్డ పిలగాణ్ణి చేయి పట్టుకొని, ఆరు సంతకాలూ అక్కడే పెట్టి, హాల్లోకి తీసుకుపోయి కూర్చోబెట్టాను. నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికన్నా ముందు ముగించాడు. క్లాసులో ఫస్టు మార్కు అతనిదే. లెక్కల సారు ఆ పొద్దు నాతో మాట్లాడలేదు, నాకూ అవసరం పడలేదు.

కొత్తగా చేరిన మాస్టార్లకు ఒక్క మాట చెప్పి ముగిద్దామనుకున్నాను. మీరు పిల్లవాణ్ణి ఫెయిల్ చేస్తే చేయండి గాని, ఎందుకు చేశారో వాడికి చెప్పండి. చెప్పబోతే కొన్నిసార్లు మీకే ఆ కారణం మింగుడుపడదు. రుమాలు జేబులో పెట్టుకోవటం నేను అప్పటి నుంచి మానేశాను. చెమట చేత్తోనే తుడుచుకుంటాను.

ఇంతవరకు రాసి, ఆ డోర్నకల్ పిలగాడికే ఇచ్చాను చదవమని. పిలగాడేమిటి, ఇంజనీరుగా చేసి రిటైరై, హనుమకొండలో ఇల్లు కట్టుకొని, మనవల్ని బడికి దింపి వస్తున్నాడు. చదివి సంతోషపడతాడనుకున్నాను. అతను కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతుంటే నేను వాళ్ళ హాల్లో పచార్లు చేస్తూనే ఉన్నాను. చివరి కాగితం దాకా వచ్చి, మళ్ళీ గురువారం కాగితం తీసి చదివి, నాకు తిరిగి ఇచ్చాడు. అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను, నాది ఒక్క అక్షరం కలపలేదు.

"తానాల అర్ర తలుపు గుర్తుపెట్టుకున్నరు సార్, సంతోషం. మా అబ్బా ఉంటే నవ్వేటోడు. గని గురువారంది గట్ల కాలేదు. ప్రిన్సిపాల్ సారు ఆ దినం ఊళ్ళనే లేడు. నేను పరీక్ష రాయలేదు. నా ఏడాది పోయింది. మీరు సంతకాలు పెట్టిన మాట నిజమే, పరీక్ష అయిపోయిన మూడోనాడు పిలిచి పెట్టిండ్రు, డేటు వెనకది ఏసిండ్రు. అబ్బా రిటైరైనంక క్వార్టర్ పోయింది, పాసు పోయింది, ఆఖరి ఏడు దోస్తు అర్రల నేల మీద పండుకొని చదివిన. గా పొద్దు డ్రాఫ్టర్ పట్టుకొని ఎందుకొచ్చిన్నో తెల్సా సార్? ఇంటికొచ్చి కండ్లార చూసి పోయిన సారు సంతకం పెట్టకుంట ఉంటడా అని వచ్చిన. పన్నెండు దాకా గేటు కాడ నిలబడ్డ. మీరు సైకిల్ మీద వచ్చిండ్రు. నన్ను చూసిండ్రు. చూసి, సైకిల్ మలుపుకొని వెనక గేటు నుంచి లోపలికి పోయిండ్రు. రాస్తె గిది రాయుండ్రి సార్."